ఆడపడుచుల దగ్గర మొదలుపెట్టండి: పెద్ద కుటుంబంలో పుట్టినవాళ్ళు వంశవృక్షం రాసుకునే పద్ధతి

మా నాయనమ్మ అసలు పేరు నాకు పదకొండో ఏట తెలిసింది. రేషన్ కార్డు మార్పించడానికి బాబాయి ఇంట్లో అందరి పేర్లూ రాస్తుంటే మధ్యలో ఎవరిదో తెలియని పేరు వచ్చింది. "ఈవిడెవరు బాబాయ్?" అని అడిగాను. "మీ నాయనమ్మేరా" అన్నాడు. అప్పటిదాకా ఆవిడ నాకు నాయనమ్మ, అమ్మకు అత్తయ్య, తాతయ్య పిలుపులో "ఏమేవ్", వీధిలోవాళ్ళకు పెద్దమ్మగారు. పేరుతో పిలిచేవాళ్ళు ఆ ఊళ్ళో ఒక్కరూ లేరు.

కృష్ణా డెల్టాలో మాది ఉమ్మడి కుటుంబం. తాతయ్య వాళ్ళు ఐదుగురు అన్నదమ్ములు. పండగ పూట నలభై విస్తళ్ళు లేచేవి. అంతమంది మధ్య పెరిగినవాడికి చుట్టరికాలన్నీ తెలిసే ఉంటాయని అందరూ అనుకుంటారు. వరసలు తెలుస్తాయి. ఎవరిని అత్తయ్య అనాలో, ఎవరిని పిన్ని అనాలో తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఆ అత్తయ్య తాతయ్యకు ఎవరి వైపు నుంచి మేనకోడలో మాత్రం నాకు తెలీదు. తాతయ్య పోయాక, అన్నదమ్ములు వేరుపడ్డాక, అడగడానికి మనుషులు ఒక్కొక్కరే తగ్గిపోతుంటే అప్పుడు పట్టుకున్నాను ఈ పనిని. మా వైపు ఏడు తరాలు, మా ఆవిడ పుట్టింటివాళ్ళది నల్గొండ వైపు, వాళ్ళవి ఐదు తరాలు కూర్చాను. ఆ దారిలో ఏది ముందు చెయ్యాలో, ఏది తర్వాత చెయ్యాలో తెలిసింది. అదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి పని: ఒక మనిషికి ఒక కాగితం

మొదటి రోజే పెద్ద చెట్టు బొమ్మ గీయకండి. ఉమ్మడి కుటుంబంలో రెండో తరం దాటేసరికి కాగితం చాలదు, గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. దాని బదులు ఒక మనిషికి ఒక కాగితం పెట్టండి. పైన అసలు పేరు, పక్కన వాడుక పేరు. కింద తల్లి, తండ్రి, తోడబుట్టినవాళ్ళు పుట్టిన వరసలో, పెళ్ళి ఎవరితో ఏ ఊళ్ళో, పిల్లలు, పోయిన తిథి. చిన్నతనంలోనే పోయిన పిల్లలకూ ఒక్కో కాగితం తీయండి. వెనకటి రోజుల్లో ఎనిమిది కాన్పులైతే నలుగురు దక్కడం మామూలే. ఆ నలుగురి మధ్య వయసు తేడా ఎందుకంత ఉందో, దక్కనివాళ్ళను రాస్తేనే అర్థమవుతుంది.

ప్రతి కాగితం మూలన ఈ సంగతి ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాయండి. ఈ ఒక్క అలవాటు లేక నేను రెండేళ్ళ పని మళ్ళీ చేశాను. ముత్తాత తమ్ముడి పేరు రెండు రకాలుగా రాసుకుని, ఏది ఎవరి నోట విన్నానో గుర్తులేక ఇద్దరినీ మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళాల్సి వచ్చింది. అప్పటికి వాళ్ళలో ఒకరు లేరు.

రెండో పని: ఇంటి ఆడపడుచులను కలవడం

అందరూ మొదట ఇంటి పెద్దాయన దగ్గరికి వెళ్తారు. నేనూ అలాగే వెళ్ళాను. పెదతాతయ్య ఏ చేను ఎవరి వాటాకు వచ్చిందో, ఏ గట్టు ఎప్పుడు జరిగిందో సెంట్లతో సహా చెప్పారు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి "మా నాన్న, ఆయన నాన్న, ఆయన నాన్న" అని నిలువుగా నాలుగు పేర్లు చెప్పి ఆగిపోయారు. ఆయన చెల్లెలు, అంటే మా నాన్నకు మేనత్త, అరవై ఏళ్ళ కిందట రేపల్లె దగ్గర ఒక ఊరికి కాపురానికి వెళ్ళింది. ఆవిడ దగ్గర కూర్చున్న ఒక్క మధ్యాహ్నంలో అరవై మూడు పేర్లు వచ్చాయి. ఎవరి పురుడు ఎవరు పోశారో, ఏ తోడికోడలు ఏ ఊరి పిల్లో, ఎవరిని ఎవరికి అడిగి ఇవ్వలేదో అన్నీ చెప్పింది.

దీనికి కారణం ఉంది. ఇంటినుంచి వెళ్ళిన ఆడపిల్లకు పుట్టిల్లు ఎక్కడ ఆగిందో అక్కడే మనసులో ఉండిపోతుంది. రోజూ చూసేవాళ్ళకు కొత్త సంగతులు పాతవాటిని కప్పేస్తాయి. పైగా పురుళ్ళు, పెళ్ళిళ్ళు, సారెలు, చావులు అన్నిటికీ కబురందుకుని వచ్చిపోయేది ఆవిడే. రెండు వంశాలకూ ముడి ఆవిడే. అందుకే మీ పుస్తకంలో మొదట పట్టిక రాసేటప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళది కాదు, బయటికి వెళ్ళిన ఆడపడుచులది రాయండి. వయసులో పెద్దావిడతో మొదలుపెట్టండి. అందరికంటే ముందు ఆవిడను కలవండి, కాగితాలు ఎక్కడికీ పోవు.

వెళ్ళేటప్పుడు ఒక పాత ఫోటో పట్టుకెళ్ళండి. "మన వంశం గురించి చెప్పండి" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. ఫోటో చేతిలో పెట్టి "ఈ చివర నిలబడ్డాయన ఎవరు?" అంటే చాలు. ప్రశ్నలు చిన్నవి అడగండి. మీ పెళ్ళికి ఎవరెవరు వచ్చారు? మీ అమ్మ పుట్టిల్లు ఏ ఊరు? వేసవి సెలవులకు ఎవరింటికి వెళ్ళేవాళ్ళు? మీకు తలంట్లు ఎవరు పోసేవాళ్ళు? ఫోన్‌లో రికార్డు పెట్టేముందు అడగండి, వద్దంటే పెట్టకండి. గంటకు మించి కూర్చోబెట్టకండి. మర్నాడు మళ్ళీ వెళ్తే రాత్రంతా గుర్తు తెచ్చుకున్నవి వాళ్ళే చెప్తారు.

ముందుగానే ఒక మాట చెప్పేయండి: ఆస్తి కోసం కాదు అని. పంపకాల్లో దెబ్బతిన్న కుటుంబాల్లో పాత పేర్లు అడిగేవాణ్ణి అనుమానంగా చూస్తారు, అందులో వాళ్ళ తప్పు లేదు. నేను భూమి సంగతి మొదటి రెండు సార్లు ఎత్తనే ఎత్తను.

ఇక సంవత్సరాలు. పెద్దవాళ్ళు తేదీలు చెప్పరు, సంఘటనలు చెప్తారు. ఆ సంఘటనల తేదీలు మనం తెలుసుకుని ఉండాలి. మా వైపైతే బెజవాడ ఆనకట్ట తెగిన ఏడు అంటే 1952. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. కృష్ణా పుష్కరాలు 1980, 1992, 2004, 2016. తెలంగాణలో పోలీసు చర్య 1948 సెప్టెంబరు. సాగరు డ్యాముకు పునాదిరాయి వేసింది 1955 డిసెంబరులో. హైదరాబాదు పాత కుటుంబాల్లో మూసీ వరద మాట ఇంకా వినిపిస్తుంది, అది 1908 సెప్టెంబరు. ఇంకా వెనక్కి వెళ్తే "ధాత కరువు" అంటారు. ధాత 1876-77. గుంటూరు వైపు "నందన కరువు" అంటే 1832-33. "ఉప్పెనకు మా చెల్లెలు చంకలో పిల్ల" అంటే పుట్టిన ఏడు ఒక్క ఏడాది తేడాలో దొరికినట్టే.

తెలుగు సంవత్సరం పేరు చెప్తే లెక్క తేలిక. అరవై ఏళ్ళకొకసారి అదే పేరు తిరిగి వస్తుంది. విశ్వావసు అంటే 2025-26, దానికి ముందు 1965-66, ఇంకా ముందు 1905-06. మనిషి ఎంత ముసలివాడో తెలుసు కాబట్టి ఏ ఆవృత్తో తేల్చుకోవచ్చు. పోయిన రోజు అంతకంటే గట్టిగా దొరుకుతుంది. తద్దినం పెట్టే ఇంట్లో మాసం, పక్షం, తిథి తప్పవు. సంవత్సరం ఒక్కటే సంపాదిస్తే పాత పంచాంగం చూసి తేదీ కట్టొచ్చు.

మూడో పని: ట్రంకు పెట్టె, అటక, గిన్నెలు

ఇంట్లో వెతకాల్సినవి కాగితాలు మాత్రమే కాదు. వంటింట్లో పాత ఇత్తడి బిందెలు, స్టీలు గిన్నెల మీద చెక్కించిన పేర్లు చూడండి. పెళ్ళికి ఇచ్చినవాళ్ళ పేరు, ఊరు, ఒక్కోసారి తేదీ కూడా ఉంటాయి. మా ఇంట్లో నీళ్ళు కాచే గంగాళం అంచున ఉన్న పేరు ముత్తవ్వ మేనమామదని తెలిసి, ఆ వైపు శాఖంతా దొరికింది.

పెళ్ళి చదివింపుల పుస్తకం దొరికితే బంగారం దొరికినట్టే. ఎవరు ఎంత చదివించారో రాసిన ఆ నోటు పుస్తకంలో ఒక తరం చుట్టాలందరూ ఊళ్ళతో సహా ఉంటారు. వరసలో మొదట చదివించినవాళ్ళు దగ్గరివాళ్ళు. పెద్దకర్మ కార్డుల్లో కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు అందరి పేర్లూ వేస్తారు. శుభలేఖల్లో తాతల పేర్లు ఉంటాయి. జాతక చక్రాలు, పాత రేషన్ కార్డులు, పింఛను కాగితాలు, ఫోటోల వెనక రాతలు అన్నిటినీ ఫోన్‌తో ఫోటో తీసి, ఎక్కడిదక్కడ పెట్టేయండి. ఎవరింటి కాగితం వాళ్ళింట్లోనే ఉండాలి. "చూసి ఇస్తాను" అని తెచ్చుకున్న కాగితం వల్ల చెడిపోయిన చుట్టరికాలు నాకు తెలుసు.

బడి రికార్డుల్లో పుట్టిన తేదీని పూర్తిగా నమ్మకండి. జులై 1 అని కనబడితే అది చాలావరకు బడిలో చేర్చుకున్న మాస్టారు వేసిన తేదీ. అయితే అదే అడ్మిషను రిజిస్టరులో తండ్రి పేరు, ఊరు, వృత్తి సరిగానే ఉంటాయి. పాత జనన రిజిస్టర్లలో ఇంకో చిక్కు: బారసాలకు ముందే నమోదు చేస్తారు కాబట్టి బిడ్డ పేరు ఉండదు. "ఫలానావారి ఆడ శిశువు" అని ఉంటుంది. తండ్రి పేరుతోనే వెతకాలి.

నాలుగో పని: పేర్ల చిక్కుముడులు విప్పడం

పెద్ద కుటుంబాల్లో పొరపాట్లు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి.

తాత పేరు పెద్ద మనవడికి పెట్టడం మన ఆనవాయితీ. ఐదుగురు అన్నదమ్ములూ తండ్రి పేరే తమ పెద్దకొడుక్కు పెడితే ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో ఐదుగురు ఒకే ఊళ్ళో ఉంటారు. మా ఇంట్లో ముగ్గురు వెంకటేశ్వర్లు: పెద్ద వెంకటేశ్వర్లు, చిన్న వెంకటేశ్వర్లు, బందరు వెంకటేశ్వర్లు. దస్తావేజులో ఈ విశేషణాలు ఉండవు. తండ్రి పేరు, సర్వే నంబరు కలిపి చూస్తేనే ఏ వెంకటేశ్వర్లో తెలుస్తుంది. ఈ ఆనవాయితీ వల్ల ఒక మేలు కూడా ఉంది. ఎవరూ చెప్పలేని ముత్తాత తాత పేరును, ముత్తాత అన్నదమ్ముల కొడుకుల్లో పదేపదే వచ్చే పేరునుబట్టి ఊహించవచ్చు. ఊహ అని పెన్సిలుతో రాసుకుని, కాగితం దొరికాక సిరాతో దిద్దండి.

పెంటయ్య, పుల్లమ్మ లాంటి పేరు కనిపిస్తే ఆగి చూడండి. పుట్టినవాళ్ళు పుట్టినట్టు పోతుంటే బిడ్డను పెంట మీదో, ఎంగిలాకుల్లోనో పడుకోబెట్టి తీసుకుని ఆ పేరు పెట్టేవాళ్ళు. అలాంటి పేరుకు ముందు ఒకరిద్దరు దక్కని పిల్లలు ఉండి ఉంటారు. అడిగితే నాయనమ్మలకు తెలుస్తుంది.

ఇంటిపేరు మారిందంటే సాధారణంగా దత్తత. మేనమామకో, పినతండ్రికో పెంపకం వెళ్ళిన పిల్లవాడు రెండు వంశాల్లోనూ ఉండాలి: కన్నవాళ్ళ కింద ఒకసారి, పెంచుకున్నవాళ్ళ కింద ఒకసారి, మధ్య ఒక చుక్కల గీత. ఇల్లరికం వచ్చిన అల్లుడి సంగతి వేరు. ఆయన ఇంటిపేరు ఆయనదే ఉంటుంది, ఊరు మాత్రం అత్తవారిది. అందుకే ఒక ఊళ్ళో ఒకే ఒక్క కుటుంబానికి వేరే ఇంటిపేరు ఉంటే, ఇల్లరికమేమో ముందు కనుక్కోండి. ఇంటిపేరు ఊరి పేరే అయితే, ఆ ఊరు ఇప్పుడు మీకు ఏమీ కాకపోయినా ఒకసారి వెళ్ళి రండి. అదే ఇంటిపేరు ఉన్న అందరూ ఒక్క వంశం కావాలని లేదు. ఊరి పేరు ఇంటిపేరైనప్పుడు రకరకాల కులాలవాళ్ళకు అదే ఉంటుంది.

మేనరికాలు చెట్టును వలలా చేస్తాయి. అక్క కూతుర్ని చేసుకున్నాయన పిల్లలకు, నాన్న తండ్రే అమ్మకు తాత. అంటే ఒకే మనిషి వాళ్ళకు తాతా అవుతాడు, ముత్తాతా అవుతాడు. కంప్యూటరు ప్రోగ్రాములో ఆయన్ను రెండుసార్లు ఎక్కించకండి. ఒక్క మనిషినే పెట్టి రెండు వైపుల నుంచీ గీత కలపండి. గ్రాంప్స్ లాంటి ఉచిత ప్రోగ్రాముల్లో ఇది కుదురుతుంది, తెలుగు లిపిలోనే పేర్లు రాసుకోవచ్చు.

ఐదో పని: భూమి కాగితాలు

భూమి ఉన్నవాళ్ళ కుటుంబ చరిత్ర సగం రెవెన్యూ రికార్డుల్లోనే ఉంటుంది. లేనివాళ్ళది ఎక్కడ వెతకాలో తర్వాత చెప్తాను.

కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. ఇప్పటి అడంగలు (ఏ పొలం ఎవరి సాగులో ఉందో), 1-బి (ఎవరి పేరున ఎంత ఉందో) మీభూమి వెబ్‌సైటులో చూడొచ్చు, కానీ మనకు కావల్సింది పాతవి. తహసీల్దారు ఆఫీసులో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు, అంటే భూములు కొలిచి శిస్తు తిరిగి కట్టినప్పుడు రాసిన పుస్తకం, అడగండి. దాన్నే చాలాచోట్ల డైగ్లాట్ అంటారు, ఇంగ్లీషు తెలుగు రెండూ ఉంటాయి కాబట్టి. సర్వే నంబరు పెట్టి చూస్తే సెటిల్‌మెంటు నాటి పట్టాదారు పేరు వస్తుంది. మా ముత్తాత పేరు నేను మొదటిసారి అచ్చక్షరాల్లో చూసింది అందులోనే.

మీ పెద్దలకు ఈనాం భూమి, అంటే సేవకో గౌరవానికో పాలకులు ఇచ్చిన మాన్యం, ఉంటే అదృష్టం. 1858లో వేసిన ఈనాం కమిషను ప్రతి ఈనామునూ విచారించి రాసిన ఈనాం ఫెయిర్ రిజిస్టరులో, మొదట ఎవరికి ఎవరు ఇచ్చారో, విచారణ నాటికి ఎవరి అనుభవంలో ఉందో ఉంటాయి. అంటే 1860ల దగ్గర ఆగకుండా ఇంకా వెనక్కి దారి ఉంది. అర్చకులు, కరణాలు, గ్రామ సేవకులు, కమ్మరి, వడ్రంగి, మంగలి, చాకలి సర్వీసు ఈనాములు కూడా ఇందులో ఉంటాయి. భూస్వాములకే పనికొచ్చేదని అనుకుని వదిలెయ్యకండి.

మీది జమీందారీ గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సర్వేతోనే ప్రభుత్వ రికార్డు మొదలవుతుంది. అంతకు ముందువి సంస్థానం లెక్కలు. కరణీకాలు 1984లో రద్దయ్యాయి. ఆనాటి కరణంగారి వారసుల ఇళ్ళలో పాత కట్టలు ఇంకా ఉంటాయి, మర్యాదగా అడిగితే చూపిస్తారు. ఆ రాత గొలుసుకట్టు రాత, మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. చదవగలిగే పెద్దవాళ్ళు తగ్గిపోతున్నారు కాబట్టి ఈ పనిని వాయిదా వేయకండి.

తెలంగాణలో దారి వేరు. ప్రతి గ్రామానికీ మొదటి సర్వే రికార్డు సేత్వార్. తర్వాత 1954-55 ఖాస్రా పహాణీ, 1955-58 చేసాల పహాణీ, ఆ తర్వాత ఏటేటా పహాణీలు. పహాణీ అంటే ఏ పొలం ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో రాసే లెక్క. కౌలుదార్లుగా ఉన్నవాళ్ళ పేర్లు రక్షిత కౌలుదార్ల రిజిస్టరులో చూడండి. భూమి సొంతం కాని కుటుంబాలకు ఇది చాలా విలువైనది. పాత రికార్డులు ఉర్దూలో, అదీ గబగబా రాసిన శికస్తా రాతలో ఉంటాయి. మా మామగారి తాత పేరు చదివించుకోవడానికి నల్గొండలో ఒక రిటైరైన పట్వారీగారి దగ్గర మూడు రోజులు కూర్చున్నాం.

ఆంధ్రలోనూ తెలంగాణలోనూ పాత కాగితాల మీద ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల సంవత్సరం, ఉంటుంది. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం మొదలు వస్తుంది. 1358 ఫసలీ అంటే మద్రాసు లెక్కలో 1948 జులై నుంచి 1949 జూన్ వరకు, నిజాం లెక్కలో 1948 అక్టోబరు నుంచి మొదలు. విస్తీర్ణం కూడా చూసుకోండి. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు.

"వగైరా" అనే మాట దగ్గర ఆగండి. "ఫలానా సుబ్బయ్య వగైరా" అంటే ఆ వగైరాలో మిగిలిన అన్నదమ్ములు దాక్కుని ఉన్నారు. ఖాతా నంబరుతో కిందికి వెళ్తే వాళ్ళూ దొరుకుతారు. "మైనరు, గార్డియన్ తల్లి" అని ఉంటే అంతకంటే మంచిది. ఆడవాళ్ళ పేర్లు కనబడే కొద్ది చోట్లలో అదొకటి.

ఆరో పని: సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు

దస్తావేజుల్లో మొదట వెతకాల్సింది భాగపంపకాల దస్తావేజు. ఉమ్మడి కుటుంబం విడిపోయిన రోజు రాసిన ఆ కాగితంలో అన్నదమ్ములు, చనిపోయినవాళ్ళ కొడుకులు, మైనర్లు, వాళ్ళ తరఫున తల్లులు అందరూ ఉంటారు. మా తాతయ్య వాళ్ళ పంపకం దస్తావేజు చదివాక, ఆ ఇంట్లో నేను ఆడుకున్న గదులకు సైతం వాటాలు రాసి ఉండటం చూసి చాలాసేపు మాట రాలేదు.

ఆ కాగితాల్లో కూతుళ్ళు తరచూ ఉండరు. ఉమ్మడి రాష్ట్రంలో కూతుళ్ళకు పిత్రార్జితంలో సమాన వాటా ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమలైంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అందుకని ఆడపిల్లల కోసం వేరే దస్తావేజులు చూడాలి. పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి కాగితంలో కూతురి పేరు, అల్లుడి పేరు, ఆ ఊరు ఉంటాయి. హక్కు విడుదల దస్తావేజులో అక్కచెల్లెళ్ళందరూ వేలిముద్రలతో సహా వరసగా ఉంటారు. నాన్నకు తెలియని ఒక మేనత్త పేరు నాకు అలాంటి కాగితం చివరి పేజీలో దొరికింది. పెళ్ళయిన రెండేళ్ళకే పోయిందట, ఇంట్లో ఎవరూ ఆవిడ మాట ఎత్తేవాళ్ళు కాదు.

ఆన్‌లైన్‌లో ఈసీ (ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే 1983 నుంచి జరిగిన లావాదేవీలే వస్తాయి. అంతకు ముందువి ఆఫీసులో ఇండెక్సు పుస్తకాలు తిప్పించి చూడాలి. పేరునుబట్టి ఒక ఇండెక్సు, ఆస్తినిబట్టి ఒకటి ఉంటాయి. స్థిరాస్తి దస్తావేజుల పుస్తకానికి రుసుము కట్టి ఎవరైనా నకలు తీసుకోవచ్చు. వీలునామాలు అలా కాదు, రాసినవాళ్ళు బతికుండగా వాళ్ళకో, వాళ్ళ ఏజెంటుకో తప్ప ఇవ్వరు, వాళ్ళు పోయాక ఎవరైనా అడగొచ్చు. మీ కుటుంబంలో ఆస్తి తగాదా కోర్టుకు వెళ్ళి ఉంటే ఆ దావా కాగితాలు సంపాదించండి. వారసత్వ దావాల్లో వంశవృక్షం గీసి జతచేస్తారు, అవతలి పక్షంవాళ్ళు దాన్ని తప్పులు పట్టి సరిచేస్తారు. అంత జాగ్రత్తగా సరిచూసిన చెట్టు ఇంకెక్కడా దొరకదు.

ఏడో పని: దేవుడి దగ్గర, గుడి బయట

తద్దినాలు పెట్టే కుటుంబాల్లో తర్పణం వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత, అలాగే తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు, తల్లి వైపు మూడు తరాలు చెప్తారు. పెళ్ళిలో ప్రవర చదివేటప్పుడు వధూవరుల మూడేసి తరాల పేర్లు వస్తాయి. మీ పురోహితుల దగ్గర పుస్తకం ఉంటుంది, మహాలయ పక్షంలో వాడేది. అందులో చిన్నాన్నలు, మేనత్తలు కూడా గోత్రాలతో ఉంటారు. గోత్రాల్లోని రుషుల పేర్లు మాత్రం మన ముత్తాతల పేర్లలా చెట్టులో ఎక్కించకండి. సంక్రాంతికో, పెత్తరమాసకో పెద్దలకు పెట్టుకునే ఇళ్ళలో ఆ బట్టలు, ఆ విస్తరి ఎవరి పేరున పెడుతున్నారో వినండి. కాశీ, గయ, ప్రయాగ వెళ్ళినవాళ్ళుంటే అక్కడి తీర్థ పురోహితుల పుస్తకాల్లో మీ ఊరి పేరుతో అడగండి.

చదువు, భూమి దక్కనివ్వని కులాల చరిత్ర కాగితాల్లో తక్కువ, నోటిలో ఎక్కువ. ఆ నోటికి మన దగ్గర గొప్ప సంప్రదాయం ఉంది. రెడ్డి, కాపు కుటుంబాలకు సైతం వంశరాజులు ఇంటిపేర్లు, గోత్రాలు చెప్పేవాళ్ళు. మాదిగలకు డక్కలివాళ్ళు, పద్మశాలీలకు కూనపులివాళ్ళు, గొల్లలకు మందహెచ్చులవాళ్ళు, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు ఉన్నారు. పాత రోజుల్లో వీళ్ళు ఏటా ఊరికి వచ్చి, ఇంటి పెద్దల పేర్లు పాడి, సంభావన తీసుకుని వెళ్ళేవాళ్ళు. ఇప్పటికీ ఆ విద్య వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళను వెతికి, ఇంటికి పిలిచి, భోజనం పెట్టి, గౌరవంగా సంభావన ఇచ్చి అడగండి. రికార్డింగు వాళ్ళ అనుమతితో చేసి, ఒక కాపీ వాళ్ళకీ ఇవ్వండి.

క్రైస్తవ కుటుంబాలకు చర్చి రిజిస్టర్లు ఉన్నాయి. గుంటూరులో లూథరన్ మిషను 1842లో మొదలైంది. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున బాప్టిస్టు మిషనువాళ్ళు 1878 జులైలో ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. బాప్తిస్మంతో పేరు మారి ఉండొచ్చు కాబట్టి పాత పేరు, కొత్త పేరు రెండూ రాసుకోండి. కతోలికుల రిజిస్టర్లలో జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు కూడా ఉంటాయి, వాళ్ళు చాలాసార్లు దగ్గరి బంధువులే. ముస్లిం కుటుంబాలు ఖాజీ దగ్గరి నికా రిజిస్టరుతో మొదలుపెట్టవచ్చు.

సముద్రం దాటినవాళ్ళు ఉంటే

ఉత్తరాంధ్ర, గోదావరి కుటుంబాల్లో "రంగూను వెళ్ళి తిరిగి రాలేదు" అనే తాత ఒకరుంటారు. ఆ శాఖను కొట్టెయ్యకండి. 1942లో బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ళ పిల్లలు విశాఖలోనూ చుట్టుపక్కలా ఉన్నారు. ఒప్పంద కూలీలుగా వెళ్ళినవాళ్ళ సంగతి విచిత్రంగా, మనకంటే బాగా నమోదైంది. 1860 నుంచి 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్ళినవాళ్ళ ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు ఉన్నాయి. ఫిజీ వెళ్ళినవాళ్ళకు ఇచ్చిన వలస పాసుల్లోనూ అంతే. మారిషస్‌లో మోకా అనే ఊళ్ళో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ వలస రికార్డులను భద్రపరిచింది. అక్కడి తెలుగువాళ్ళు ఇటు ఊరు వెతుక్కుంటూ వస్తారు. వాళ్ళ చేతిలో ఉన్న ఊరి పేరు ఇంగ్లీషువాడి చెవికి వినబడినట్టు రాసింది. మీ తాలూకాలో ఏ ఊరు అయివుంటుందో పైకి పలికి చూసి చెప్పగలిగేది మీరే.

చివరి పని: అందరి ముందూ పెట్టడం

ఒక సంగతి నిజమని రాసేముందు రెండు వేరువేరు చోట్ల నుంచి రుజువు ఉండాలని నేను పెట్టుకున్న నియమం. మేనత్త చెప్పింది, డైగ్లాట్ అదే చెప్తోంది, అప్పుడు సిరా. ఒక్కరే చెప్తే పెన్సిలు. బతికి ఉన్నవాళ్ళ పుట్టినతేదీలు, ఆధార్ నంబర్లు, భూమి వివరాలు ఏ వెబ్‌సైటులోనూ పెట్టకండి. ఇంట్లో ఎవరూ పైకి చెప్పుకోని సంగతులు దొరుకుతాయి: రెండో కాపురం, వదిలేసిన భార్య, కులం దాటిన పెళ్ళి. ఆ మనుషులను చెట్టులోంచి తీసెయ్యకండి, వాళ్ళు పుట్టారు, బతికారు. ఆ కథను ఎంతవరకు చెప్పాలో మాత్రం వాళ్ళ సొంత పిల్లలను అడిగి నిర్ణయించండి.

మొత్తం అయ్యాక ఫ్లెక్సీ వేసే షాపులో పెద్ద కాగితం మీద అచ్చు వేయించండి. ముసలివాళ్ళు కళ్ళజోడు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాలు. కూతుళ్ళను, వాళ్ళ పిల్లలను కొడుకులతో సమానంగా అదే సైజులో వేయించండి. మా చెల్లెలి కూతురి పెళ్ళిలో విడిదింటి వరండాలో అలాంటిది కట్టి, పక్కన దారంతో ఒక పెన్సిలు వేలాడదీశాను. సాయంత్రానికి పదిహేడు దిద్దుబాట్లు పడ్డాయి. రేపల్లె మేనత్తమ్మను కుర్చీతో సహా దాని ముందుకు తీసుకొచ్చారు. చాలాసేపు చూసి, తన పక్కన, తనకూ తమ్ముడికీ మధ్య ఉన్న ఖాళీ మీద వేలు పెట్టి, "ఇక్కడ సీతమ్మను రాయి" అంది.